లోహ విషములు - పురుష బీజము

ప్రాణహిత గోదావరీ లోయయందలి బొగ్గునేలలో గోలేటి యొక చిన్న పట్టణము. సింగరేణి సంస్థవారి బెల్లంపల్లి ఏరియాకు అది కేంద్రస్థానము. అచ్చటినుండి దక్షిణముగా బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూరులు గడచి గోదావరి దాటినచో గోదావరిఖనియు, దాని చెంత రామగుండపు విద్యుత్కేంద్రమును గానవచ్చును. ఈ నేలలో పెరిగినవారికి బొగ్గుదుమ్ము ఊపిరితిత్తులకు చెరుపని వేరుగా చెప్పనక్కరలేదు. బాయిపని చేసిన తాతల దగ్గును వారు చిన్ననాటనే వినియున్నారు. అయితే కొన్ని పనులయందు పుట్టు లోహపు పొగయు, లోహపు ధూళియు పురుషుని బీజమును గూడ తాకగలవను సంగతి అంతగా తెలిసినది కాదు. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

ఈ విషయము పలువురు పదిమందిలో మాటాడుటకు సంకోచించునది. కాని ఆ సంకోచపు మూల్యమును చెల్లించుచున్నది ఇల్లాలు. పెండ్లియై మూడేండ్లు గడచినను కడుపు పండనిచో ఆమెనే ఆసుపత్రికి తీసికొనిపోవుదురు, ఆమెచేతనే మ్రొక్కులు మ్రొక్కింతురు, ఆమెనే గొడ్రాలందురు, ఒక్కొక్క యింట మారు మనువు మాటయు పుట్టును. భర్తను పరీక్షింపవలెనని తోచువారు అరుదు. సంతానములేని దంపతులలో సుమారు సగముమంది విషయమున పురుషునియందలి లోపము పూర్తిగానో, పాక్షికముగానో కారణమై యుండునని వైద్యులు చెప్పుచున్నారు. ఆ లోపమునకు గల పెక్కు కారణములలో ఆతడు చేయు పనియు నొకటి కావచ్చును.

మొదట బీజము తయారగు విధమును తెలిసికొందము. వృషణములలో సన్నని నాళములు చుట్టలు చుట్టలుగా నుండును. వానినన్నిటిని విప్పి కలిపినచో ఒక్కొక్క వృషణమున రెండువందల మీటరులకు మించిన పొడవుండును. ఈ నాళముల గోడలయందే శుక్రకణములు దినమునకు కోట్లకొలది పుట్టుచుండును. వానిని పెంచి పోషించు దాదులవంటి కణములను 1865లో ఇటలీ దేశస్థుడగు సెర్టోలి వర్ణించెను. నాళముల నడుమనుండి పురుష హార్మోనును స్రవింపజేయు కణములను అంతకు పదునైదేండ్ల ముందు, 1850లో, జర్మనుడగు లైడిగు వర్ణించెను. ఈ రెండు తెగల కణములును సరిగా పనిచేసిననే బీజము సరిగా పండును.

ఒక శుక్రకణము మొదలిడి రూపు దాల్చుటకు సుమారు 74 దినములు పట్టును. పిమ్మట అది వెలుపలి గొట్టములలో మరి కొన్నాళ్ళు నిలిచి ఈదుట నేర్చును. మొత్తముమీద మూడు నెలలు. కావున నేడు పరీక్షకిచ్చిన వీర్యము మూడు నెలలక్రిందటి బ్రతుకునకు సాక్షి. నేడు తగిలిన విషపు ఫలితము రేపే కనబడదు. నేడు తొలగిన విషపు మేలును రేపే కనబడదు. ఈ మూడు నెలల లెక్కను శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలెను. ఈ ప్రసంగమున ముందుముందు దానితో పని యున్నది.

ఈ సుకుమారమగు పనికి ప్రకృతి రెండు కాపుదలలు కల్పించినది. వృషణములను శరీరపు వేడికి దూరముగా, వెలుపలి తిత్తియందుంచుట మొదటిది. రెండవది యొక కోటగోడ. సెర్టోలి కణములు ఒకదానితో నొకటి కుట్టుకొన్నట్లుగా నానుకొని, రక్తమునందలి పదార్థము లన్నియు బీజమునొద్దకు పోకుండ అడ్డగించును. కాని కొన్ని లోహములు ఈ గోడను దాటగలవు. కాడ్మియమువంటిది గోడ కుట్లనే వదులు చేయగలదు.

లోహములన్నియు విషములు కావు. ఇనుము లేనిదే రక్తము లేదు. జింకు అనబడు తుత్తునాగము లేనిదే వీర్యము లేదు. సీసము, కాడ్మియము, పాదరసము, పాషాణము మొదలగువానితో మన శరీరమునకు పనిలేదు. ఐనను ఇవి మనకు కావలసిన లోహములవలె నటించి లోన ప్రవేశించును. సీసము సున్నపు ధాతువగు కాల్షియమువలె నటించి ఎముకలలో ఏండ్లతరబడి కాపురము చేయును. కాడ్మియము తుత్తునాగమువలె నటించి మూత్రపిండములలో పది మొదలు ముప్పది యేండ్లవరకు నిలువ యుండును.

బీజముపట్ల ఈ నటనయే ప్రమాదకరము. శుక్రకణపు తలలో వంశలక్షణములను మోయు దారమొకటి ప్రోటమీనులను చిన్న మాంసకృత్తులచే బిగువుగా చుట్టబడి యుండును. ఆ బిగువును నిలుపుటకు తుత్తునాగము తోడ్పడును. తుత్తునాగము నిలువవలసినచోట సీసము నిలిచినచో చుట్ట సరిగా బిగియదు. లోని దారము చెడుట సులభమగును. ఇదిగాక, ఈ లోహములు కణములలో త్రుప్పువంటి దహనమును పెంచును. శుక్రకణపు పైపొర కొవ్వుతో కూడిన పలుచని పొర గనుక ఈ దహనమునకు త్వరగా లోబడును. అంతట దాని తోక చురుకు తగ్గును. లైడిగు కణములు దెబ్బతిన్నచో హార్మోను తగ్గును. సంఖ్య తగ్గుట, చురుకు తగ్గుట, రూపు వికృతమగుట: ఈ మూడే ప్రయోగశాలలో కనబడు చిహ్నములు. పురుషునికి నొప్పి యుండదు, జ్వరముండదు. దాంపత్య సుఖమునకు లోటైనను ఉండకపోవచ్చును. అందుచే తనయందు లోపమున్నదన్నచో ఆతడు నమ్మడు.

ఈ సంగతులు ఊహలు కావు. 1956లో చెకొస్లొవేకియా దేశపు పరిశోధకులు పారిజెకు, జాహోరు అనువారు కాడ్మియపు లవణమును ఎలుకలకు సూదిద్వారా ఎక్కించి చూచిరి. వృషణములలోని రక్తనాళములు చెడి, అల్పకాలములోనే వాని కణజాలము నశించెను. మరుసటి యేట పారిజెకే మరియొక సంగతి కనిపెట్టెను: తుత్తునాగమును ముందుగా నిచ్చినచో ఆ నాశము ఆగెను. నటనను గూర్చి నేను పైని చెప్పిన మాటకు ఇది చక్కని నిదర్శనము. ఐతే ఎలుకల కెక్కించినంత మోతాదు మనుష్యునికి పనిలో ఒక్కమారుగా తగులదు. మనుష్యునికి తగులునది కొద్దికొద్దిగా, ఏండ్లకొలది తగులును.

మనుష్యుల విషయమున 1975లో రుమేనియా దేశమునుండి వచ్చిన పరిశోధన ప్రసిద్ధము. బ్యాటరీల కర్మాగారమున సీసముతో పనిచేయు 150 మందిని పరీక్షింపగా, సీసము ఒంట పట్టినకొలది శుక్రకణముల సంఖ్యయు చురుకును తగ్గి, వికృత రూపములు హెచ్చినట్లు తేలినది. 2012లో అమెరికా దేశపు జాతీయ విషశాస్త్ర కార్యక్రమమువారు లోకమందలి పరిశోధనలన్నిటిని పరిశీలించి, నూరు మిల్లీలీటరుల రక్తమున 15 మైక్రోగ్రాములును అంతకు మించియు సీసమున్న పురుషులయందు వీర్యదోషములు కలుగుననుటకు చాలినంత సాక్ష్యమున్నదని తీర్మానించిరి. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. అంత స్వల్పమగు పరిమాణము ఇంతటి పనిచేయునన్నమాట.

మన దేశపు సంగతి యేమందురేమో! హైదరాబాదు పరిశోధకులు 2003లో ప్రకటించిన పరిశోధన మనకు మిక్కిలి దగ్గరిది. దక్షిణ భారతమందలి యొక వెల్డింగు కర్మాగారమున పనిచేయు 57 మందిని, లోహముల పని లేని మరి 57 మందిని వారు పోల్చి చూచిరి. వెల్డర్ల రక్తమున నికెలు, క్రోమియము అను లోహములు ఇతరులకన్న సుమారు ఏడు రెట్లు అధికముగా నుండెను. శుక్రకణముల చురుకైన సూటి నడక వెల్డర్లలో తగ్గియుండెను. రక్తమున నికెలు హెచ్చినకొలది తోకలు వికృతమైన కణముల పాలు హెచ్చెను; క్రోమియము హెచ్చినకొలది కణముల సంఖ్య తగ్గెను. అయితే లోకమందలి పరిశోధన లన్నియు ఒకే మాట చెప్పుట లేదు. డెన్మార్కు దేశమున వెల్డర్లపై జరిగిన పరిశోధనలలో కొన్నింట దోషము కనబడినది, కొన్నింట కనబడలేదు. ఏ లోహమును అతుకుచున్నారు, ఎట్టి గాలిలో అతుకుచున్నారు అను దానినిబట్టి ఫలితము మారును. వెల్డరైన ప్రతివాడును సంతానహీనుడగునని దీనికర్థము కాదు. జాగ్రత్తకు కారణ మున్నదనియే అర్థము.

ఇక మన బొగ్గునేలకు వత్తము. బొగ్గులోనే ఈ లోహములు లేవా యని అడుగవచ్చును. కలవు, కాని అత్యల్పముగా. బొగ్గుముద్దను పట్టుకొన్నంత మాత్రమున, గనిలో నడచినంత మాత్రమున బీజము చెడునని భయపడ నక్కరలేదు. బొగ్గును కాల్చినప్పుడు లెక్క మారును. మన విద్యుత్కేంద్రములలో కాల్చు బొగ్గులో నూటికి 30 మొదలు 45 పాళ్ళవరకు బూడిదయే. బొగ్గు కాలిపోగా అందలి లోహములు చాలవరకు ఆ బూడిదలో చిక్కబడును; పాదరసము మాత్రము చాలభాగము ఆవిరియై పొగతో లేచును. రామగుండమున విద్యుత్కేంద్రపు మొదటి యూనిటు 1983లో పనికి దిగినది. నాటినుండి బూడిద గుట్టలై, చెరువులై పెరుగుచునే యున్నది. ఎండిన బూడిద గాలికి లేవకుండ తడిపియుంచుట, బూడిద నీరు బావులలో దిగకుండ కాచుట అందరి యారోగ్యమునకును అవసరము.

ఐనను వ్యక్తికి నేరుగా తగులు అపాయము బొగ్గుకన్న వర్క్‌షాపులలోనే హెచ్చు. గనులున్నచోట యంత్రములుండును, యంత్రములున్నచోట మరమ్మతులుండును. అరిగిన షవలు బకెట్ల పండ్లకు గట్టి లోహపు పూత వేయుటకు వాడు రాడ్లలో క్రోమియము పెక్కింట నుండును. తుప్పుపట్టని ఉక్కును అతుకునపుడు నికెలును, క్రోమియమును పొగలో లేచును. మామూలు ఇనుమును అతికినప్పుడు ఈ రెండును తక్కువ. కావున అన్ని వెల్డింగు పనులు ఒకటి కావు. సీసపు మార్గము వేరు. గనిపనివాని టోపీదీపమునకు చిరకాలము సీసపు బ్యాటరీయే వాడుకలో నుండెను. మూసియున్న బ్యాటరీని చార్జి చేసినంతమాత్రమున సీసము లేవదు. దానిని పగులగొట్టి పలకలు తీయునప్పుడు, ఇంటి పెరటిలో కరగించి సీసమును అమ్ముకొనునప్పుడు అపాయము. పాత రంగును గీకునప్పుడును, ఎండిన రంగుపై అతుకువేయునప్పుడును ఇట్లే. ఇండ్ల రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళను మించరాదను నియమము 2017లో అమలునకు వచ్చినది. కాని అంతకుముందు గోడలకును, యంత్రములకును వేసిన రంగు అట్లే యున్నది.

మరియొక మార్గము పనికి సంబంధించినది కాదు. పొగాకు మొక్క నేలనుండి కాడ్మియమును ఆకులలోనికి లాగుకొనును. పొగ త్రాగువాని శరీరమున త్రాగనివానికన్న సుమారు రెట్టింపు కాడ్మియముండును. గనిలోనికి దిగువాడు నిప్పుపెట్టెను, బీడీకట్టను ముఖద్వారమున అప్పగించియే దిగును. అది మంటలకు వెరచి చేసిన నియమము. షిఫ్టు ముగిసి పైకివచ్చి వరుసగా కాల్చు బీడీలు బీజమునకు చేయు హానిని ఆపుటకు అట్టి నియమము లేదు.

ఇన్నిటికన్న విచారకరమగు సంగతి యొకటున్నది. వీర్యవృద్ధికని, పటుత్వమునకని సంతలలోను, బస్సు స్టాండులలోను పేరులేని చూర్ణములును, భస్మములును అమ్ముచుందురు. 2004లో ప్రకటితమైన యొక పరిశోధనలో, అమెరికాయందలి బోస్టను నగరపు దుకాణములలో దక్షిణాసియానుండి వచ్చిన ఆయుర్వేదపు మందులు 70 కొని పరీక్షింపగా, 14 ఇంటిలో సీసమో, పాదరసమో, పాషాణమో ఉన్నట్లు తేలినది. ఇది వైద్యశాస్త్రమును దూషించుట కాదు. ఎవరు చేసిరో, ఏమి కలిపిరో తెలియని పొడిని మ్రింగుటనుగూర్చి చెప్పిన మాట. బీజమును బాగుచేసికొన వలెనని పోయి, దానిని చెరుపు లోహమునే కొనితెచ్చుకొనుట ఎంతటి విపరీతము!

ఇంతవరకు కీడు చెప్పితిని. ఇక ఆశ కలిగించు సంగతి. బీజమును పుట్టించు మూలకణములు చావనంతవరకు వృషణము తన పనిని మరల మొదలిడగలదు. నేను జ్ఞప్తియందుంచుకొమ్మన్న మూడు నెలల లెక్క ఇచ్చట పనికివచ్చును. లోహపు పొగకు దూరమైన పిమ్మట పుట్టు కణములు మూడు నెలలకు పరీక్షకు వచ్చును. రక్తమందలి సీసము సుమారు నెలకొకసారి సగము తగ్గుచుండును. ఎముకలలోనిది మాత్రము మెల్లమెల్లగా దిగును. కాడ్మియము ఇంకను మెల్లగా పోవును. కావున ఎంత త్వరగా తెలిసికొన్న నంత మేలు.

చేయవలసినదేమి? మొదటిది: పిల్లలు కలుగని దంపతులలో భర్తకును, భార్యకును ఒకేసారి పరీక్ష జరుగవలెను. వీర్యపరీక్ష నొప్పిలేనిది, ఖర్చు తక్కువది. పరీక్షకు ముందు రెండు మొదలు ఏడు దినములు నిగ్రహము పాటింపవలెను. ఒక్క పరీక్షతో తేల్చక, మరల నొకసారి చేయించుట మంచిది. రెండవది: వైద్యునికి తాను చేయు పనిని దాచక చెప్పవలెను. 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జీని కార్మికుల రోగములపై గ్రంథము వ్రాయుచు, రోగినడుగు ప్రశ్నలకు మరియొకటి చేర్చుమని వైద్యులను కోరెను: నీవు చేయు పని యేమి? వైద్యుడు ఆ ప్రశ్న అడుగకున్నను రోగియే చెప్పవచ్చును. సీసపు పని చేయువాడు రక్తమున సీసమెంత యున్నదో చూపించుకొనవలెను. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే సీసపు విషమును, పాదరసపు విషమును, పాషాణపు విషమును ప్రభుత్వమునకు తెలుపదగిన రోగముల పట్టికలో చేర్చినది. అట్లు చెప్పుట కార్మికునికి నామోషీ కాదు, హక్కు.

మూడవది: పొగను పుట్టినచోటనే లాగివేయు గొట్టములుండవలెను. అవి లేనిచోట గాలివాటము చూచికొని, పొగ ముఖమునకు రాకుండ నిలువవలెను. ముక్కునకు కట్టిన రుమాలు ఈ పొగను ఆపలేదు. ఆ రేణువులు బట్ట కన్నులకన్న సూక్ష్మములు. తగిన ముసుగు కావలెను. నాల్గవది: పనిబట్టలతో ఇంటికి పోరాదు. సీసపు దుమ్ము బట్టలతో ఇల్లు చేరి, ఒడిలో కూర్చున్న బిడ్డను పట్టును. బిడ్డకది మెదడునకు చెరుపు. చేతులు కడుగక తినరాదు, బీడీ ముట్టరాదు. అయిదవది భోజనము. ఇనుము, కాల్షియము కొరవడిన శరీరము సీసమును హెచ్చుగా పీల్చుకొనును. రాగులు, పాలు, తోటకూర, పప్పు, ఉసిరిక దీనికి మంచివి. దుమ్ములో పనిచేసి బెల్లపుముక్క తిన్నచో దుమ్ము దిగిపోవునను నమ్మకము మనలో కలదు. బెల్లము ఆకలికి బలము. అది ముసుగునకు బదులు కాదు.

గోలేటిలోను, గోదావరిఖనిలోను ఈ మాటలు వినుచున్న అత్తమామలకొక మనవి. మీ కోడలిని నిందించుటకు ముందు మీ కుమారుడు ఎక్కడ, ఏ పొగలో, ఎన్నేండ్లుగా పనిచేయుచున్నాడో అడుగుడు. ఆతనిని నిందించుటకు కాదు. మనకు వెలుగునిచ్చు పనిలోనే ఆతనికా దెబ్బ తగిలియుండవచ్చును. ఆతని వెంట మీరే ఆసుపత్రికి పోయి, ఆతని సంకోచమును తీర్పుడు. మూడు నెలలు ఓపిక పట్టుడు. పరీక్షలు ముగియకమునుపు గొడ్రాలను మాట ఏ యింటను వినబడకుండుగాక.